సూదమ్మ పలకలు

మా వీధిలో నా లాండ్రీకి ఒక పేరుంది. టీ మరక, సిరా మరక, తుప్పు, జిడ్డు, ఏదైనా తెచ్చి నా బల్ల మీద పడేసి వెళ్ళొచ్చు. సాయంత్రానికి అది ఎక్కడుండేదో బట్ట సొంతదారుకే గుర్తుండదు. అలాంటి నన్ను పట్టుకుని మా వదిన ఒక రోజు, "ఆ కోటు ఎన్నిసార్లు ఉతికినా శుభ్రం కాదులే, పక్కన పెట్టెయ్" అంది.

తెల్ల కోటు. మల్లెపువ్వులా ఉంది. వదిన కూతురు కొత్త ఉద్యోగంలో చేరుతోంది కదా, తల్లి వేసుకున్న కోటే తనూ వేసుకుంటే బాగుంటుందని నేనే ఉతికి, గంజి పెట్టి, మడతలో గీత చెదరకుండా ఇస్త్రీ చేసి ఉంచాను. "ఎక్కడుందమ్మా మురికి, చూపించు" అని దీపం కింద పరిచాను.

"కనిపించేదైతే నీకు చెప్పే పనేముంది? నువ్వే పోగొట్టేదానివి" అంది వదిన.

నాకు ఒళ్ళు మండింది. ఉతికిన చేతులకి మర్యాద లేకపోతే పోనీ, ఉతికిన బట్టకైనా ఉండాలి కదా! కానీ వదిన మొహం చూసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో అరుదుగా జరిగే వింత.

వదిన అంటే మా అన్నయ్య భార్య. కింద నా దుకాణం, పైన మా ఇల్లు. అన్నయ్యది రైల్లో గార్డు ఉద్యోగం, ఇంట్లో ఉన్నరోజు కంటే లేనిరోజే ఎక్కువ. కాబట్టి వదినా నేనూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఒకరు లేకపోతే ఒకరికి తోచక, ఇన్నేళ్ళూ గడిపేశాం. ఆవిడ మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసి రిటైరైంది. అక్కడ ఆవిడ పని స్ఫటికాలు పెంచడం. మందు పొడిని ద్రవంలో కరిగించి, గాజు గిన్నెలో పోసి, కదలకుండా ఉంచితే అందులోంచి మెల్లగా స్ఫటికాలు పుడతాయి. వాటిలో ఒక మంచిదాన్ని ఏరి, గాజు పుల్ల కొసకి అంటించి, వెలుగులో తిప్పుతూ దాని ముఖాలు గుర్తించాలి. స్ఫటికానికున్న ఒక్కో పక్కనీ ముఖం అంటారు. ప్రతి ముఖానికీ మూడంకెల పేరుంటుంది. మూర్ఛ రోగానికి వాడే ఒక మందు మీదే ఆవిడ జీవితమంతా గడిచింది.

ల్యాబులో ఆవిడని సూదమ్మ అనేవారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆవిడే ఒకసారి నా దుకాణంలో చెప్పింది. చెప్పడానికి నా బల్ల మీద ఆరిన దుప్పటి ఒకటి లాక్కుంది.

"చూడు, ఇలా మడిస్తే అంచు బయటికి కనిపిస్తుంది. ఇప్పుడు ఇలా మడిస్తే అంచు లోపల దాక్కుంటుంది. దుప్పటి మారిందా?"

"మారలేదు. నా ఇస్త్రీ పాడైంది."

"మందూ అంతే. అణువు ఒకటే, పేర్చుకునే తీరు వేరు. ఒక తీరున పేర్చుకుంటే పల్చటి పలకలొస్తాయి. ఇంకో తీరున పేర్చుకుంటే సూదులొస్తాయి. పలకకి, అణువులో నీళ్ళంటే ఇష్టపడే కొసలు వెడల్పు ముఖం మీద ఉంటాయనుకుంటాను. అందుకే నోట్లో వేసుకున్న కాసేపటికే కరిగిపోతుంది. సూది వాటిని లోపల దాచేసుకుంటుంది. అది కరగాలంటే ఓ పట్టాన కరగదు."

ఏళ్ళ తరబడి ఆవిడ గిన్నెలో పలకలే వచ్చేవి. ఆరు అంచుల సన్నటి పలకలు, గోరు మీద పెట్టుకుంటే ఊపిరికే ఎగిరిపోయేవట. ఒక ఉదయం మూత తీసి చూస్తే గిన్నె నిండా సూదులు. ఆ రోజు నుంచి ఆ భవనంలో ఎవరి గిన్నెలోనూ మళ్ళీ పలక పుట్టలేదు. గాజు సామానంతా మార్చారు, గోడలకి సున్నం వేశారు, మనుషుల్ని మార్చారు. ఏం లాభం? కుండెడు పాలకి చెంచాడు పెరుగు తోడు చాలదూ? సూదుల నలుసు కంటికి కనిపించనంతది గాల్లో ఒక్కటున్నా, కరిగిన మందంతా దాన్ని చూసి అలాగే పేర్చుకుంటుంది. మొదటి సూదులు ఎవరి గిన్నెలో పుట్టాయో వాళ్ళకి పేరు పెట్టేశారు. ఆవిడ పళ్ళ బిగువున భరించింది.

ఫ్యాక్టరీ ఏం చేసిందంటే, సూదుల్నే పొడి చేసి మాత్ర పెద్దది చేసింది. లోకం ఆగలేదు. ఆగిపోయింది మా వదిన ఒక్కతే.

పోయిన మనిషిని తలుచుకున్నట్టు తలుచుకునేది ఆ పలకల్ని. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. పంచదార పలుకు ఒకటి ఏరి, మైనంతో గుండుసూది కొసకి అంటించి, బల్లదీపం కింద వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చునేది. "ఏం చూస్తావు వదినా అందులో?" అంటే, "మెరుపు" అనేది. తిప్పుతుంటే వంతు వచ్చిన ముఖం ఒక్క క్షణం తళుక్కుమంటుంది. మరికాస్త తిప్పితే పక్క ముఖం. స్ఫటికం చిన్నదైనా పెద్దదైనా, ఒక వైపు ఎక్కువ పెరిగి వంకరగా ఉన్నా, మెరుపుకీ మెరుపుకీ మధ్య తిప్పాల్సినంత మాత్రం మారదట. "పలకది నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. కానీ లోపల ఎలా పేర్చుకుందో చూడనేలేదు. ఎక్స్‌రే యంత్రంలో పెడదామంటే మరీ పల్చన. మందంగా పెంచుదాంలే, తొందరేముంది అనుకున్నాను" అనేది.

మా పిచిక ఆ కడుపునే పుట్టింది. పిచిక అంటే వదిన కూతురు. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని నేను పెట్టిన పేరు, ఇప్పుడు నాకంటే ఎత్తు. తల్లి చదివిన చదువే చదివి, ఊరికి అటు కొసన ఉన్న ఒక ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. పని ఏమిటో తెలుసా? పలకల్ని తిరిగి తేవడం. మూర్ఛ వచ్చే చిన్నపిల్లలు అంత పెద్ద మాత్ర మింగలేక కక్కేస్తున్నారట. పలకలు దొరికితే మాత్ర కందిగింజంత చెయ్యొచ్చు. ఆ ల్యాబులో ఆ మందు ఇంతవరకు ఎవరూ ముట్టలేదు, పాత ఫ్యాక్టరీ మనిషి ఒక్కరూ గడప తొక్కలేదు. అందుకే అక్కడైతే వస్తాయని ఆశ.

పిచిక తల్లి ఎవరో తెలిశాక అక్కడి పెద్దమేడం గుండెలు బాదుకుందట. సూదుల్లో బతికిన మనిషి ఇంట్లో పెరిగిన పిల్ల! ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, మా వదిన ముప్పై ఏళ్ళ సావాసం చేసింది. చివరికి షరతులు పెట్టి తీసుకుంది. వేరే గదిలో ఉండాలి. ఇంటి నుంచి గుడ్డపీలిక కూడా రాకూడదు. ఇంటికి వెళ్ళకూడదు, ఇంట్లోవాళ్ళు రాకూడదు, ముట్టుకోకూడదు. జుట్టు కత్తిరించుకోవాలి.

నేను గొంతు చించుకున్నాను. "ఇదేం ఉద్యోగమే, జైలా?" అని. వదిన మాత్రం, "ఆవిడ స్థానంలో నేనున్నా ఇదే చెప్పేదాన్ని" అంది. నా కోటు సంగతి అప్పుడే జరిగింది.

పిచికకి నడుం దాటే జడ ఉండేది. రోజూ ఉదయం బస్సు తప్పిపోతుందని పిల్ల గోల పెడుతున్నా, వదిన తీరుబడిగా పాయలు తీసి అల్లేది. ఆ జడ చెవుల దాకా కత్తిరించేశారు. అల్లడానికి రాదు, ముడికి అందదు. మాటిమాటికీ కళ్ళ మీద పడేది. వెళ్ళిన రోజు గుమ్మం దగ్గర ఆ జుట్టుని ఊదుకుంటూ నిలబడింది పిల్ల.

ఆదివారాలు ఊరి పార్కులో కలుసుకునేవాళ్ళు. నేనూ వెళ్ళేదాన్ని, కందకి లేని దురద కత్తిపీటకెందుకని అన్నయ్య అంటున్నా సరే. రెండు బెంచీలు, మధ్యలో పూలమడి. వదిన వేలు తడి చేసుకుని గాలి ఎటు వీస్తోందో చూసి, తన మీద నుంచి కూతురి మీదికి గాలి పోని బెంచీ ఎంచుకునేది. మడికి అటొకరు ఇటొకరు కూర్చుని అరుచుకుంటుంటే, వచ్చేపోయేవాళ్ళు తల్లీకూతుళ్ళకి ఆస్తి తగాదా ఏదో ఉందనుకునేవాళ్ళు.

"గిన్నె గోడ గీకుతున్నావా?"

"లేదమ్మా."

"గీకకు. తొందరపెడితే మొండికేస్తుంది. కాగితం కట్టి రెండే రెండు బెజ్జాలు పెట్టు. మూత తీసి తొంగి చూడకు."

"నువ్వు చూసేదానివి కాదా?"

"చూసేదాన్ని కాబట్టే చెబుతున్నా."

పిచిక గదికి తిరిగి వెళ్ళగానే తలంటు పోసుకుని, బట్టలు మార్చుకుని, అప్పుడు ల్యాబులో అడుగుపెట్టాలి. అది నియమం.

నా మనసులో మాట దాచడం నాకు చేతకాదు. ఆ పలకలు రాకూడదని కోరుకున్నాను. రాకపోతే పెద్దమేడం చేతులెత్తేస్తుంది, పిల్ల ఇంటికొస్తుంది. వదినకి ఇదే మాట అంటే కోప్పడలేదు. "నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంది. మళ్ళీ భయమేస్తుంది, నిజంగా రావేమోనని" అంది. అడకత్తెరలో పోకచెక్క అయింది మా వదిన. పలకలొస్తే పిల్ల రాదు, పిల్లొస్తే పలకలు రావు.

ఒక ఆదివారం పిచిక పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయాసంతో మాట రావడం లేదు. ఫోన్ తీసి పూలమడి మీదుగా చెయ్యి చాపింది. వదిన లేచి వంగింది. ఫోన్లో ఫొటో: నల్లటి నేపథ్యం మీద ఆరు అంచుల పలక. పల్చగా, ఉందా లేదా అన్నట్టు ఉంది.

వదిన చూస్తోంది, చూస్తూనే ఉంది. పిచిక ఇంకాస్త ముందుకు వంగింది. జుట్టు జారి కళ్ళ మీద పడింది. వదిన చెయ్యి వెళ్ళిపోయింది. రెండు వేళ్ళతో ఆ పాయని తీసి చెవి వెనక్కి దోపింది. రెప్పపాటులో జరిగిపోయింది. ఇద్దరూ బొమ్మల్లా నిలబడిపోయారు. వదిన చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కుంది.

"ఏం కాదమ్మా, వెళ్ళి తలంటుకుంటాగా" అంది పిచిక.

వారం తిరగకుండానే ఫోన్ వచ్చింది. నా దుకాణంలో స్పీకర్ పెట్టి విన్నాం. పిల్ల వెక్కుతోంది. గిన్నెలన్నీ సూదులు. ఉన్న పలకలు కూడా ఆ ద్రవంలోనే కరిగి సూదులైపోయాయి.

"ఆ రోజు తలంటుకున్నావు కదే?" అన్నాను నేను.

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఒంటికి పోసుకున్నానత్తా. తలకి పోసుకోలేదు. అమ్మ చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో... కడుక్కోబుద్ధి కాలేదు."

నేను వదిన వైపు చూడలేకపోయాను. ఏదో ఒకటి అనాలని, "కంటికి కనిపించని నలుసు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవడు చూశాడు? ఆ పెద్దమేడం చెప్పుల్లోంచే వచ్చిందేమో!" అన్నాను. వదిన తన కుడి చేతి వేళ్ళు రెండూ చూసుకుంటూ, "నా చెయ్యే" అంది.

ఆ తరవాత ఆవిడ పార్కుకి వెళ్ళలేదు. పోనీ నేనొక్కదాన్నే వెళ్ళి ఇంకా దూరంగా కూర్చుంటానంటే, "నీ చేతులు మాత్రం ఊరుకుంటాయా?" అంది. నిజమే, ఊరుకోవు. పెద్దమేడం మంచిదనే చెప్పాలి, పిల్లని పంపెయ్యలేదు. భవనంలో ఇంకో వైపు కొత్త గది ఇచ్చి, గిన్నెల దగ్గర్నుంచి అన్నీ కొత్తవి తెప్పించింది. ఫోన్లోనే తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఫోన్ పెట్టేశాక వదిన దువ్వెన తెచ్చుకుని నా వెనక కూర్చునేది. నా నెరిసిన జుట్టుని పాయలు తీసి జడ అల్లేది. ఆవిరి కొట్టి కొట్టి నా జుట్టు కొబ్బరి పీచులా తయారైంది, అల్లడానికేముంది అందులో? అయినా కదలకుండా కూర్చునేదాన్ని. ఇస్త్రీకి వచ్చినవాళ్ళు ఎదురుచూస్తే చూడనీ అనుకునేదాన్ని.

ఎండలు పోయి వానలు వచ్చి, అవీ వెనకబట్టాయి. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మా, వచ్చింది. గోరంత మందం ఉంది. యంత్రంలో పెట్టాం. లోపల చూశాను."

వదిన ఉతకడానికి వచ్చిన బట్టల మూట మీదే కూలబడింది. "వెడల్పు ముఖం మీద ఏమున్నాయి?" అని అడిగింది.

"నీళ్ళంటే ఇష్టపడే కొసలే. అన్నీ బయటికే. నువ్వన్నట్టే."

"అన్నీనా?"

"అన్నీ అమ్మా. నువ్వొచ్చి చూడు. పెద్దమేడం ఒప్పుకుంది. లోపలికి కాదు, కిటికీ బయట నుంచి. ఏ ముఖం ఏదో నువ్వు చూసి చెబితేనే రాస్తాను."

వెళ్ళాం. అనవసరమని తెలిసినా, ఇద్దరి చీరలూ మూడు నీళ్ళలో జాడించి మరీ వెళ్ళాం. భవనం పక్కన గడ్డి, బిగించేసిన పెద్ద గాజు కిటికీ. లోపల బల్ల మీద చిన్న పరికరం, దాని పక్కన తెర. తెరని మా వైపు తిప్పి పెట్టింది పిచిక. గాజు పుల్ల కొసన పలక తెర మీద అరచెయ్యంత కనిపిస్తోంది. అటు నుంచి ఫోన్లో పిచిక గొంతు, ఇటు నుంచి వదిన గొంతు. మధ్యలో గాజు.

"తిప్పు. మెల్లగా. ఇంకా... ఇంకా... ఇప్పుడు" అంది వదిన.

తెర తెల్లగా మెరిసింది. వెడల్పు ముఖం వెలుగంతా మా మీదికి విసిరినట్టయింది.

"సున్నా సున్నా ఒకటి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

వదిన వేళ్ళు గాల్లోనే తిరుగుతున్నాయి, పంచదార పలుకుని తిప్పినట్టు. పక్క ముఖం రావాల్సిన చోటే వచ్చింది. దాని పేరు చెప్పింది. ఆ తరవాతది, పేరులో ఒక అంకె నెత్తిన గీత గీసి రాసేది, దాని పేరూ చెప్పింది. ఆవిడ ఊపిరికి గాజు మసకబారింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"ఏమీ మారలేదు" అంది నాతో. "అప్పుడెలా ఉందో అలాగే ఉంది. ఇసుమంత కూడా మారలేదు."

కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం ఆవిడకి గుర్తు లేదు. నేను తుడుద్దామంటే నాకూ అదే పరిస్థితి.

కాసేపటికి పక్క తలుపు తెరుచుకుని పిచిక మెట్ల మీదికి వచ్చింది. చిక్కిపోయింది. మెడ దగ్గర కోటు వదులుగా వేలాడుతోంది. మెట్టు దిగకుండా నిలబడింది.

"అమ్మా, ఇది ఒక్కదానితో అయిపోదు. ఇక గిన్నెలు కాదు, గంగాళాలంత వాటిలో పెంచాలి. పిల్లల మాత్రలు తయారయ్యేదాకా ఇలాగే ఉండాలి. రెండేళ్ళో మూడేళ్ళో, పెద్దమేడం కూడా చెప్పలేకపోతోంది." వదిన వైపు చూసింది. "నువ్వు వద్దంటే మానేస్తాను. ఎలా చెయ్యాలో తెలిసిపోయిందిగా, ఇంకెవరైనా చేస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను."

నేను వదిన మోచేతిని గిల్లాను. అను వదినా, వద్దను. ఒక్క మాట. మీ ఇద్దరి కోరికా తీరింది, పలక వచ్చింది, చూశావు, ఇంకేం కావాలి? గట్టిగానే గిల్లాను. ఆవిడకి తెలిసినట్టు లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని ఉంది.

"నువ్వే చెయ్యాలని ఉందా?" అని అడిగింది.

పిచిక తల దించుకుంది. "ఉంది."

"రేపు గిన్నె పెట్టాలా?"

"పెట్టాలి."

"అయితే పెట్టు."

పిల్ల మెట్టు మీద నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. గాలి వీచి పిచిక జుట్టు కళ్ళ మీద పడింది. వదిన వెనక ఉన్న చేతులు నాకు కనిపిస్తున్నాయి. ఆ రెండు వేళ్ళూ విడివడ్డాయి, కదిలాయి.

"జుట్టు కళ్ళలో పడుతోంది. చెవి వెనక్కి పెట్టుకో" అంది.

పిచిక చెయ్యెత్తింది. తొందరగా తోసుకోలేదు. రెండు వేళ్ళతో నుదుటి దగ్గర నుంచి పాయ తీసి, మెల్లగా చెవి వెనక్కి దోపుకుంది, అచ్చం వదిన చేసినట్టే. మా వైపే చూస్తూ నిలబడింది.

"రెండో పక్క కూడా" అంది వదిన.